పన్నెండో ఉపఉత్పత్తి

"తీసుకోండి. రసం మొత్తం పోయింది. పిప్పి మిగిలింది," అందావిడ బల్లకి అవతల నిలబడి.

పిప్పిసారు కళ్లజోడు సర్దుకుని ఆవిడ చేతులకేసి చూశాడు. చిన్న గుడ్డసంచి తప్ప ఏమీ కనిపించలేదు.

"ఏదమ్మా పిప్పి?"

"బయట బెంచీ మీద కూర్చున్నాడు. మా ఆయన."

పిప్పిసారంటే ఆ చక్కెర ఫ్యాక్టరీలో ఉపఉత్పత్తుల అధికారి. చెరకులోంచి చక్కెర పోగా మిగిలిందేదీ నేలపాలు కాకుండా చూడటం ఆయన ఉద్యోగం. పిప్పితో కరెంటు, మొలాసిస్ మడ్డితో ఇథనాల్, బూడిదతో ఇటుకలు... అలా ఈదుకుంటూ పదకొండో ఉపఉత్పత్తి దాకా వచ్చి చతికిలబడ్డాడు. పన్నెండోది చూపించమని పెద్దసారు పెట్టిన గడువు ఆ మధ్యాహ్నమే. చూపించకపోతే ఆయన సెక్షన్ని తీసుకెళ్లి ఎరువుల యార్డులో కలిపేస్తారు. ఆ యార్డుకి అధికారి సాక్షాత్తూ ఆయన బావమరిది. ఆఫీసులో బావమరిది కింద పనిచేసి, ఇంటికెళ్లి వాళ్లక్క ముందు భోజనానికి కూర్చోవడం కన్నా నరకం వేరే ఉంటుందా?

"అమ్మా, మేం తీసుకునేది చెత్తా చెదారం. మనుషుల్ని కాదు."

"మీ గోడ మీద ఏం రాశారు? 'ఇక్కడ ఏదీ వృథా కాదు' అనేగా? అక్షరం బారెడుంది. రాతలు గోడకేనా?"

పిప్పిసారు కళ్లజోడు మళ్లీ సర్దుకున్నాడు. ఆ రాత రాయించింది ఆయనే.

"మీవారు రిటైరై ఎన్నాళ్లయింది?"

"ఆయన లెక్కన మూడేళ్లు. నా లెక్కన ముప్పయ్యేళ్లు. నేను కూర తరుగుతుంటే కత్తి పట్టుకోవడం అలా కాదంటాడు. బట్టలారేస్తే తీగ వంకరంటాడు. మొన్న వంటింటి డబ్బాలన్నిటికీ నంబర్లేశాడు బాబూ! ఉప్పు కావాలంటే 'పద్నాలుగు' అనాలట. నిన్న పద్నాలుగు బదులు పదిహేను వేశాను. కూరలో సబ్బుపొడి."

"ఏ సెక్షన్‌లో చేసేవారు?"

"ఏ సెక్షనైతే ఏం లెండి. పనిలో ఉన్నంతకాలం నెత్తిన పెట్టుకుంటారు. దిగిపోయాక పేరు కూడా గుర్తుండదు. లోకం తీరే అంత," అంటూ కొంగుతో కళ్లొత్తుకుంది.

పిప్పిసారుకి సిగ్గేసింది. ఆవిణ్ణి మళ్లీ అడక్కుండా చాటుగా రికార్డుల గదికి ఫోన్ చేసి పాత ఉద్యోగుల వివరాలు అడిగాడు.

"పాత రిజిస్టర్లా? కిందటేడే పేపరు ప్లేట్లయిపోయాయి కద సార్. మీ ఏడో ఉపఉత్పత్తి," అన్నాడు గుమాస్తా.

ఫోన్ పెట్టేస్తుంటే ఆయన బుర్రలో మెరుపు మెరిసింది. ఇంతకాలం అందరూ చెరకులోంచి మిగిలినదాన్నే చూశారు. మనిషిలోంచి మిగిలినదాన్ని ఎవరు చూశారు?

బెంచీ మీద బక్కపల్చటి పెద్దమనిషి, మడత నలగని చొక్కా, మోకాళ్ల మీద రెండు చేతులూ పెట్టుకుని బడిపిల్లాడిలా కూర్చున్నాడు. రమ్మనగానే లేచొచ్చాడు.

పిప్పిసారు ఆయన్ని ముందు బాయిలర్ దగ్గరికి తీసుకెళ్లాడు. "ఈయన్ని గుర్తుపట్టావా?" అని ఫోర్‌మన్‌ని అడిగాడు.

ఫోర్‌మన్ తెల్లమొహం వేశాడు. అంతలోనే పెద్దవాళ్లని మర్చిపోయాడన్న మాట పడుతుందేమోనని భయపడ్డట్టున్నాడు. "అదేం మాట సార్! వాల్వు పేలినప్పుడు నన్ను చెయ్యి పట్టి ఇవతలికి లాగింది ఈయనే కదూ!" అన్నాడు. అంటూ అంటూ తనే నమ్మేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అవన్నీ ఇప్పుడెందుకులే నాయనా," అంటూ పెద్దమనిషి అతని భుజం తట్టాడు.

ఎంత నిగర్వి అనుకున్నాడు పిప్పిసారు.

చెరకు క్రషింగ్ సీజను అయిపోయి చక్కెర విభాగానికి తాళం పడింది కాబట్టి, అటు వెళ్లకుండా ఇథనాల్ ట్యాంకుల వైపు నడిపించాడు. పెద్దమనిషి తలెత్తి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లు చూసినా మోజు తీరలేదు పాపం!

ఇటుకల దగ్గరికి రాగానే పెద్దమనిషి ఆగిపోయాడు. ఒక కన్ను మూసి, "ఆ వరస వంకర," అన్నాడు.

కొలిచారు. రెండు వేళ్లు వంకర! కూలి ఒకామె చెయ్యి వెయ్యగానే ఆ గుట్ట దబ్బున కూలింది. అప్పటిదాకా దాని నీడలో కూర్చుని, కొలతకి అడ్డమని లేచిన నలుగురు ఆయనకి దండం పెట్టారు.

పన్నెండు కొట్టేసరికి పిప్పిసారు పెద్దసారు గదిలో ఉన్నాడు.

"సార్, పన్నెండోది. అనుభవం!"

పెద్దసారు కుర్చీలోంచి లేచాడు. పెద్దమనిషి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. "మిమ్మల్ని మర్చిపోతానా! ఈ ఫ్యాక్టరీకి జీవితం ధారపోసిన మనిషి! రేపట్నుంచి రోజూ పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం దాకా ఇక్కడే ఉండాలి. వంకరలన్నీ మీరే చూడాలి."

"సాయంత్రం ఏడు దాకా పెట్టండి బాబూ," అంది ఆవిడ గుమ్మం దగ్గర్నుంచి.

గదంతా చప్పట్లు. బావమరిది కూడా కొట్టాడు, ఆముదం తాగిన మొహంతో.

వాళ్లు వెళ్లాక చూసుకుంటే పెద్దమనిషికి రాసిచ్చిన గేటు పాసు బల్ల మీదే ఉండిపోయింది. పిప్పిసారు పాసు పట్టుకుని పరుగెత్తాడు. అంత తేలిగ్గా ఆయన కాళ్లు కదిలి ఏళ్లయింది. గేటు దాటి మొగుడూ పెళ్లాలు నింపాదిగా నడిచిపోతున్నారు. పిలుద్దామని నోరు తెరిచేలోగా ఆ పెద్దమనిషి భార్య వైపు తిరిగాడు.

"ఇంతకీ ఈ ఫ్యాక్టరీలో ఏం తయారుచేస్తారే?"