సైలెన్సరు ఎవరి పేరున?

"ట్రస్టూ వద్దు, గిస్టూ వద్దు. ఆ సైలెన్సరు ఈయన పేరునే రాయండి లాయరుగారూ," అంది నోరీన్.

ఆమె మొగుడు ఎల్డన్ మొహం చిన్నబోయింది. భార్యకూ సమాన హక్కుండాలని ట్రస్టు రాయించడానికి వచ్చాడాయన. వాళ్ల వేరుశనగ చేలో పడే అడవి పందుల్ని రోజూ పొద్దున్నే వెళ్లి కాల్చేది ఆవిడే. తుపాకీ చప్పుడుకి పక్కవాళ్ల గుర్రాలు బెదురుతున్నాయని ఇప్పుడు దానికి సైలెన్సరు కొంటున్నారు. మా దగ్గర దాన్ని ఒకరి పేరునో, ఇద్దరికీ కలిపి ట్రస్టు పేరునో ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి.

"ట్రస్టయితే నువ్వూ పోలీసులకి వేలిముద్రలివ్వాలని భయమా? ఏ బ్యాంకైనా దోచావేంటే?" అన్నాడు ఎల్డన్.

"దోచుంటే నీ డొక్కు ట్రక్కులో తిరిగే ఖర్మేంటి నాకు?"

నేను కల్పించుకున్నాను. "అమ్మా, ట్రస్టయితే మీరిద్దరిలో ఎవరైనా వాడుకోవచ్చు. ఆయన ఒక్కరి పేరునే ఉంటే, ఆయన పక్కన లేకుండా మీరు దాన్ని ముట్టుకోకూడదు. పట్టుబడితే జైలే."

"మీరు ఫోనులో చెప్పినప్పుడే విన్నాను."

"అయితే రోజూ చేలోకి నేనూ రావాలి గదే!" ఎల్డన్ కంగారుపడ్డాడు. రిటైరయ్యాక ఆయన టీవీ ముందు వాలుకుర్చీ వదలడం లేదని మా ఊరందరికీ తెలుసు.

"రావాలి మరి," అంది నోరీన్. "పెళ్లికి ముందు పిలవకపోయినా వచ్చేవాడివి. ఫ్లాస్కులో కాఫీ నేను తెస్తాలే."

ఎల్డన్ ట్రస్టు కాగితాల్ని పక్కకు నెట్టేశాడు.

"నా పేరే రాయండి," అన్నాడు తలెత్తకుండా. టోపీ కింద ముసలాయన చెవులు ఎర్రగా కందిపోయాయి.