గోటి చప్పుడు

"అత్తా, ఇయ్యాల డాక్టర్ సాబ్ ఫోన్ మోగుడు గూడ మోగుతలేదు."

కళ్యాణి తడిసిన కొంగు పిండుకుంటూ ఇంట్లోకి వచ్చింది. సరిహద్దుకు మరాఠీ వైపున్న ఆ తెలుగు ఊళ్లో ఫోన్ కలవాలంటే ఊరి వెనక దిబ్బ ఎక్కాలి. ఇంట్లో, వాకిట్లో ఎక్కడా సిగ్నల్ రాదు.

"మరి ఏమంటుంది?" అడిగింది యాదక్క.

"ఫోన్ల ఆడామె మరాఠీల చెప్తుంది. కవరేజీ లేని జాగల ఉన్నడంట."

యాదక్క మంచం వైపు చూసింది. నాలుగేళ్ల మనుమరాలు శ్రావణికి మూడు రోజులుగా జ్వరం. పొద్దుటి నుంచి ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల దగ్గర లోపలికి గుంట పడుతోంది.

కొడుకు అహేరికి పనికి పోయి అక్కడే చిక్కుకున్నాడు. అక్కడి నుంచి బామ్ని మీదుగా వచ్చే దారిని వాగు ముంచేసింది.

వాకిలి పక్క గోడ మీద బొగ్గుతో రాసిన పది అంకెలు. ఊళ్లో ప్రతి గోడ మీదా అవే అంకెలు.

ఫోన్ డాక్టర్ నంబరు.

ప్రాణహిత అవతల ఎక్కడో ఉంటాడంటారు. ఆయన ముఖం ఎవరూ చూడలేదు. గొంతు మాత్రం ఊరందరికీ తెలుసు.

పోయిన వానాకాలం శ్రావణిని దిబ్బ మీదికి ఎత్తుకుపోయి, గొడుగు కింద ఒళ్లో పడుకోబెట్టుకుని యాదక్క ఫోన్ చేసింది.

"పిల్ల రొమ్ము లేసినప్పుడల్లా 'ఆఁ' అనమ్మా. నేను గడియారం చూసి లెక్క పెడ్త" అన్నాడు ఆయన.

యాదక్క నిమిషం సేపు 'ఆఁ' అంటూ కూర్చుంది.

"భయం లేదు. ఇంత నీళ్లల్ల వాగు దాటకుర్రి" అని ఏం చేయాలో చెప్పాడు. పిల్ల బతికింది.

అప్పుడే ఇంకో మాట కూడా అన్నాడు.

"నేను చెప్పంది వాగు దాటకు, ఎవలేమిచ్చినా పిల్ల నోట్లె పొయ్యకు. ఒట్టేనా?"

"ఒట్టు సారూ."

నాలుగు నెలలుగా ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

"వదినా!"

బయట నుంచి బుచ్చన్న కేక. వాగు మీద నాటు పడవ నడిపేది అతనే.

"ఈ ముసలాయన ఎవలింటికో ఏందో, ఎంత అడిగినా చెప్పడు. మూగోడు. మీ పిల్ల దగ్గు ఇని ఇటే మళ్లిండు. నా పెండ్లాం గూడ గిట్ల నోరు మూసుకుంటే ఎంత మంచిగుండు!"

ముసలాయన పంచె మోకాళ్ల దాకా బురద. చంకలో రెగ్జిన్ సంచి. గొంతు చుట్టూ తువ్వాల.

ఎవరినీ అడగకుండా మంచం పక్కన కూర్చున్నాడు. పిల్ల రొమ్ము వైపు చూస్తూ, పక్కనున్న స్టీలు గ్లాసు మీద గోటితో కొట్టసాగాడు.

టక్. టక్. టక్.

"పిల్ల ఆయాసపడుతుంటె ఈయనకు తాళమొకటి!" అన్నాడు బుచ్చన్న.

ముసలాయన చప్పుడు ఆపాడు. ముఖం పాలిపోయింది. చెవి దగ్గర ఫోన్ పెట్టుకున్నట్టు చేయి పెట్టి, ఆ చేత్తోనే తన గుండె మీద తట్టుకున్నాడు.

"ఫోన్ చెయ్యమంటున్నడు" అన్నాడు బుచ్చన్న.

"చేసినం తాతా, కలుస్తలేదు" అంది కళ్యాణి.

సంచిలోంచి కాగితం తీసి గబగబా రాసి ఇచ్చాడు. కళ్యాణి అటూ ఇటూ తిప్పి చూసింది.

"తెలుగు అక్షరాలత్తా. నేను చదివింది మరాఠీ బడిల. నాకు రావు."

"ఊర్ల రాయమల్లు తాతకు ఒక్కనికే వచ్చేటియి. ఆయన పోయె" అంది యాదక్క.

ముసలాయన ఇక ఆగలేదు. మందు సీసా, చెంచా తీసి మంచం మీదికి వంగాడు. తువ్వాల జారింది. గొంతు మధ్యలో, కోసి కుట్టిన మచ్చ నడుమ చిన్న రంధ్రం. అందులోంచి గాలి ఈల వేసినట్టు వస్తోంది.

కళ్యాణి కెవ్వుమంది.

యాదక్క పిల్లను లాక్కుని గుండెకు అదుముకుంది.

"వద్దు! మా డాక్టర్ సాబ్ చెప్పంది చుక్క గూడ పొయ్య."

అతను రెండు చేతులూ జోడించాడు. పిల్లను చూపించాడు, వాగు వైపు చూపించాడు. తీసుకుపోదాం రమ్మన్నట్టు చేతులు చాపాడు.

"ఆయన చెప్పంది వాగు దాటం. ఒట్టు పెట్టిన."

ఆ మాటకు అతని చేతులు మెల్లగా కిందికి జారాయి.

"నీళ్లు పెరుగుతున్నయ్. ఇదే ఆఖరి తడవ. దా తాతా, వీళ్లను పరేషాన్ చెయ్యకు" అని బుచ్చన్న రెక్క పట్టుకుని లేపాడు.

ముసలాయన సీసాను గడప మీద పెట్టాడు. పడవ దాకా వెనక్కి చూస్తూనే వెళ్లాడు.

"డాక్టర్ సాబ్ దొరికినంక అడుగుదాం" అని యాదక్క ఆ సీసాను చూరులో దాచింది.

పొద్దుగూకే సరికి టవర్ కూడా పోయింది.

తెల్లవారేసరికి ఇంట్లో దగ్గు వినిపించలేదు.

మూడో రోజు వాగు తగ్గింది. కొడుకు వచ్చాడు. మట్టిని తప్ప బిడ్డను చూడలేకపోయాడు.

సాయంత్రం యాదక్క ఒక్కతే దిబ్బ ఎక్కింది. ఫోన్ మోగింది. నాలుగు నెలల తర్వాత, అవతల ఎత్తారు.

"సారూ! నేను యాదక్కను. పిల్ల పోయింది సారూ."

యాదక్క ఫోన్‌ను చెవికి ఇంకా అదిమింది.

"ఎవలో మూగాయన వచ్చి మందు పోస్తనన్నడు. నేను పొయ్యనియ్యలె. సీసా మూత గూడ తియ్యలె, చూర్లనే ఉన్నది. నీ మాట తప్పలే సారూ. మంచిగనే చేసిన్నా?"

గాలి హోరు తప్ప ఏమీ లేదు.

"ఉన్నవా సారూ? ఉంటె జర సప్పుడన్న చెయ్."

చాలాసేపటికి అవతలి నుంచి, స్టీలు గ్లాసు మీద గోటితో కొట్టినట్టు, మెల్లగా వినిపించింది: టక్... టక్... టక్.