ఎడమపక్క చెట్టు

“చెట్టు తప్పువైపు ఉంది,” అన్నాడు ముసలాయన.

మెనాషె తలెత్తలేదు. జెరూసలేం బజారులో పుణ్యక్షేత్రాల పటాలు అమ్మే కొట్టు అతనిది. దేవాలయపు పాత గోడ, హెబ్రోన్ గుహ, తిబెరియా సమాధులు, అన్నీ అచ్చు పటాలే. ఎక్కువమంది అడిగేది యూదు తల్లులు మొక్కుకునే రాహేలమ్మ సమాధి పటం. తెల్లటి గుమ్మటం, దానికి కుడిపక్కన ఓ ఆలివ్ చెట్టు.

“ఏ చెట్టు తాతా?”

“రాహేలమ్మ చెట్టు. గుమ్మటానికి ఎడమపక్కన ఉండేది. మీ పటంలో కుడిపక్కనుంది.”

“నిన్నా ఇదే పాట, మొన్నా ఇదే పాట. ఏమైనా కొంటావా?”

“కొనను. దిద్దుతాను.”

వెనక గుమ్మంలో బియ్యం ఏరుతున్న భార్య జమీలె కిసుక్కున నవ్వింది. “దిద్దనివ్వరాదూ! పనిలో పనిగా మిమ్మల్ని కూడా కాస్త దిద్దుతాడు.”

మెనాషెకి నవ్వు రాలేదు. ఆ చెట్టు జోలికొస్తే అతనికి ఒళ్లు మండుతుంది.

చిన్నప్పుడు అలెప్పో పట్నంలో వాళ్లింట్లో, జెరూసలేం వైపు గోడకి ఆ పటమే ఉండేది. శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించే ముందు అమ్మ వేళ్లు ముద్దుపెట్టుకుని ఆ గుమ్మటాన్ని తాకేది. నలుగురు బిడ్డల్ని మట్టికిచ్చి, ఐదోవాడు మెనాషెని దక్కించుకున్న తల్లి. “ఒక్కసారి ఆ చెట్టు కిందికి తీసుకెళ్లరా నాన్నా,” అనేది.

తీసుకెళ్లలేకపోయాడు. అమ్మ పోయాక ఒక్కడే వచ్చాడు. వచ్చేసరికి చెట్టూ లేదు. ముందు ఏడాదే మంచు బరువుకి కూలిపోయిందట. ఇక చెట్టంటే పటంలోని చెట్టే.

ఇప్పుడు ఆ పటానికీ గండం వచ్చింది. బొమ్మ గీసి అచ్చు వేసే రాయి అరిగిపోయి చెట్టంతా మసకమసకగా పడుతోంది. పటం అడుగున సన్నగా, గీసినవాడి పేరుంటుంది: నెహొరాయ్. ఆ చెయ్యే మళ్లీ గీయాలని మెనాషె పట్టుదల. సఫెద్‌కి మనిషిని పంపాడు. హెబ్రోన్‌కి ఉత్తరాలు రాశాడు. నలభై ఏళ్లనాటి మాట, ఉన్నాడో పోయాడో ఎవరూ చెప్పలేకపోయారు. పటాలకి గిరాకీ ఉండే రాహేలమ్మ వర్ధంతి చూస్తే రెండు వారాల్లోకి వచ్చేసింది.

మర్నాడు ముసలాయన మళ్లీ వచ్చాడు. ఓ పల్చటి కాగితం విప్పి బల్లమీద పరిచాడు.

“గీసి తెచ్చాను. దీన్ని చూసి కొత్త రాయి గీస్తే చాలు.”

మెనాషె వంగి చూశాడు. గుమ్మటం చక్కగానే ఉంది. చెట్టు మాత్రం కుడిపక్కనే ఉంది! అడుగున ఏవో పిచ్చిగీతలు.

“ఏం తాతా! ఎడమ, ఎడమ అని ఇన్నిరోజులు నా బుర్ర తిని, చివరికి నువ్వూ కుడిపక్కనే గీశావా?”

“అలాగే గీయాలి నాయనా. రాయి మీద...”

“చాల్లే! మా అమ్మ ముద్దుపెట్టుకున్న పటం అది. దాన్ని గీసినవాడి కాలిగోటికి చాలవు నువ్వు!”

ముసలాయన గోడమీది పటం వైపు తిరిగాడు.

“అమ్మ ముద్దుపెట్టుకునేదా?”

“ప్రతి శుక్రవారం.”

“అయితే ఇంక దిద్దక తప్పదు,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

“ముందు బయటికి నడు!”

కాగితాన్ని అక్కడే వదిలేసి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

“పేరైనా అడక్కపోయారా?” అంది జమీలె.

“పిచ్చోడి పేరుతో మనకేం పని?”

నాలుగు రోజులకి, ముసలివాళ్ల సత్రం నుంచి మనిషి పరిగెత్తుకొచ్చాడు. “మీ చెట్టు తాత పోయాడు. శవం దగ్గర ప్రార్థనకి పదిమంది మగాళ్లుండాలి కదా. ఒక్కరు తక్కువ. రా అన్నా!”

కొట్టునిండా జనం.

“చూస్తున్నావుగా. పక్క కొట్లో అడుగు.”

జమీలె బియ్యం ఏరడం ఆపేసింది. “వెళ్లాల్సింది,” అంది. మెనాషె విననట్టే పటాలు చుడుతూ ఉండిపోయాడు.

సాయంత్రానికి నెహొరాయ్ మీద ఆశ వదులుకున్నాడు. ఎవరో ఒకరు గీస్తారులే అనుకుని, ఉన్నవాటిలో మంచి పటం ఒకటి తీసి, చేతికందిన కాగితంలో చుట్టుకుని ఫైవెల్ అచ్చుశాలకి వెళ్లాడు.

ఫైవెల్ పటం వైపు చూడనైనా లేదు. పైన చుట్టిన కాగితాన్నే పట్టుకున్నాడు.

“ఇదెవరి చెయ్యి?”

“ఎవరో పిచ్చి ముసలాయనలే. చెట్టు ఎడమపక్కన ఉండాలంటాడు, గీయడం కుడిపక్కన గీస్తాడు.”

“పిచ్చి ఆయనకి కాదయ్యా, నీకు. రాయి మీద గీసింది కాగితం మీద తిరగబడి పడుతుంది. కుడి కాస్తా ఎడమవుతుంది. అందుకే తెలిసినవాడు తిరగేసి గీస్తాడు. మీ పాత రాయి గీసినవాడు అక్షరాలు తిరగేశాడు గానీ చెట్టుని తిరగేయడం మరిచిపోయాడు. కుర్రతనం అయ్యుంటుంది.”

మెనాషెకి అమ్మ వేళ్లు గుర్తొచ్చాయి.

“మరి... ఆ కింద పిచ్చిగీతలు?”

“గీతలెక్కడివి! రా, ఇలా చూడు.”

ఫైవెల్ కాగితాన్ని వెనక్కి తిప్పి కిటికీ అద్దానికి ఆనించాడు. సాయంత్రపు ఎండ దానిలోంచి వచ్చింది. చెట్టు గుమ్మటానికి ఎడమపక్కకి వచ్చి నిలబడింది.

పిచ్చిగీతలు అక్షరాలయ్యాయి. మెనాషె కూడబలుక్కుని చదివాడు: “అమ్మా రాహేలూ, నా తొలి రాయి మీద నీ చెట్టును తప్పువైపు నాటింది నేనే, ఇన్నాళ్లకు దిద్దుకున్నాను, నెహొరాయ్.”