ముందు మావోళ్లకు

"గ్లాసు లాక్కో! మళ్లీ పారబోస్తున్నాడు!"

నర్సు జ్ఞానప్రసూన అరిచేసరికే నీళ్లు నేల మీద పడ్డాయి.

వార్డుబాయ్ సుక్రాం ముసలాయన చేతిలోంచి గ్లాసు గుంజుకున్నాడు. ముసలాయన తన ఖాళీ చేతి వంక బిత్తరపోయి చూశాడు.

"ముందు మావోళ్లకు బిడ్డా," అన్నాడు పిడచకట్టిన నోటితో. "మావోళ్లు తాగలే."

"మీవోళ్లెవరూ రాలే తాతా. ముందు నువ్వు తాగు."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

మిట్టమధ్యాహ్నపు ఎండలో రోడ్డు పక్కన పడి ఉంటే, జీపు డ్రైవర్ వెంకన్న ఎత్తుకొచ్చి ఈ చిన్న ఆసుపత్రిలో దించిపోయాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. సూదికి నరం దొరకడం లేదు. నానా తంటాలు పడి ఎక్కించిన సెలైన్‌ను ఆయనే పీకేశాడు.

డాక్టర్ ఆయన మీదికి వంగి హిందీలో గద్దించాడు.

"పేరేంటి? ఏ ఊరు? నొప్పి ఎక్కడ? ఏం తిన్నావ్?"

ముసలాయన మోకాళ్లు ముడుచుకుని గోడకు జరిగాడు.

"తన పేరే తనకు గుర్తులేదు సార్," అంది ప్రసూన. "తర్రెం దగ్గర దొరికాడట. అంతే తెలుసు."

ఆ ఊరు ఆమెకు కొత్త కాదు. ఆమె తండ్రి దశరథరామయ్య ఉప్పు, బట్టలు వేసుకుని తర్రెం సంతకు వెళ్లి, ఏళ్ల కిందట వాగులు పొంగిన ఒక వానాకాలం తిరిగి రాలేదు. జ్వరంతో పోయాడని, ఎవరో పాతిపెట్టారని వాగు తీశాక కబురొచ్చింది. "పోయేటప్పుడు గుక్కెడు నీళ్లు పోసినోడు లేడు. పోయినంక నీళ్లొదిలే కొడుకూ లేడు," అని తల్లి ఇప్పటికీ ఏడుస్తుంది.

"అంబులెన్స్ దారిలో ఉంది సిస్టర్. అది వచ్చేలోపు కడుపులోకి నీళ్లు పోకపోతే మనిషి దక్కడు. ఆయన మాట మీకే తెలుస్తుంది, ఎలాగైనా తాగించండి."

డాక్టర్ మరో మంచం దగ్గరికి పరుగెత్తాడు.

ప్రసూన చెంచాతో పోయబోయింది. ముసలాయన పళ్లు బిగించాడు. గ్లాసిస్తే మళ్లీ నేల మీదికే వంచాడు.

"ఏంది తాతా, కొత్తల్లుడి లెక్క అలుగుతవ్?" అన్నాడు సుక్రాం.

ప్రసూన గ్లాసు మళ్లీ నింపింది. "చెయ్యి కట్టెయ్ సుక్రాం! నేను పోస్తా."

సుక్రాం బ్యాండేజీ గుడ్డతో ఆయన కుడిచేతిని మంచానికి కట్టేశాడు. ఆమె గడ్డం పట్టుకుని పోసింది. నీళ్లన్నీ మెడ మీదికే కారిపోయాయి.

ముసలాయన మూలుగు సన్నబడింది. కట్టేసిన చెయ్యి మాత్రం ఊరుకోలేదు. లేని గ్లాసును మెల్లగా వంచుతోంది. పెదాలు ఏవో పేర్లు పలుకుతున్నాయి.

ఆ వంపు ఆమె ఎక్కడో చూసింది.

చిన్నప్పుడు, నాన్న సంత దుకాణం ముందు. దొర్ల తెగ పెద్దలు ఆకు దొప్పలో కల్లు పోసుకుని, చచ్చిపోయిన తమవాళ్ల పేరు చెప్పి ఒక్కో చుక్క నేలకు వదిలాకే తాగేవాళ్లు. ఈయన బుర్రలో కల్లుకూ నీళ్లకూ తేడా చెరిగిపోయింది. ఆ మర్యాద మాత్రం చెరగలేదు.

ఆయన పారబోయడం లేదు. తాగబోయే ముందే ప్రతిసారీ తాము గ్లాసు లాక్కున్నారు!

"కట్టు విప్పు! తొందరగా!"

ప్రసూన స్టూలు లాక్కుని ఆయన కళ్లకు సమానంగా కూర్చుంది. గొంతు తగ్గించింది. ఆయన రెండు చేతుల్లో గ్లాసు పెట్టి, కింద తన చెయ్యి ఆనించింది.

"తాతా, ముందు మీవోళ్లకే పొయ్యి. నేను ఆగుతా."

ముసలాయన మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

ఒక చుక్క వంచాడు. "భీమా... తాగు."

మరో చుక్క. "లక్కే... తాగు."

ముసలాయన ఊపిరి ఎగబీలుస్తున్నాడు. ఇంకా ఎందరున్నారో! ప్రసూన గేటు వైపు చూసింది. అంబులెన్స్ జాడ లేదు.

గ్లాసు మళ్లీ వంగింది.

"దశరథరామయ్య సావుకారీ... నా ఇంట్ల పోయినోడివి. కొడుకుల్లేనోడివి. నువ్వూ తాగు."

ప్రసూన ముందుకు వంగింది.

"తాతా! ఆయన... నీ ఇంట్లనా? నువ్వెవరు తాతా?"

"మావోళ్లంత తాగిండ్రు," అన్నాడు ముసలాయన తృప్తిగా.

గ్లాసు పెదాల వైపు లేచింది. అందుకోకముందే వేళ్లు వదులయ్యాయి.

డాక్టర్ పరుగున వచ్చాడు. ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కాడు, నొక్కాడు, ఆగిపోయాడు. అప్పుడు వినిపించింది గేటు దగ్గర అంబులెన్స్ కూత.

"దీదీ, పేరేమని రాయాలి?" అడిగాడు సుక్రాం.

ప్రసూన స్టూలు మీంచి లేచింది. గ్లాసు నింపుకుని ఆ తడి నేల మీదే కూర్చుంది.

కొడుకై తన తండ్రికి ఇన్నేళ్లూ నీళ్లొదిలిన మనిషికి వదలడానికి ఆమె చేతిలో గ్లాసు నిండా నీళ్లున్నాయి, పిలవడానికి పేరే లేదు.