ఎండ తాగిన పీపా

హలో, అందరికీ వినబడుతోందా? బాగున్నారు కదా. పొయ్యి మీద ఏమైనా ఉంటే కట్టేసి రండి, ఇది చిన్న కథే.

"దాని జోలికి వెళ్ళొద్దన్నానా, నాన్నగారూ?" అంది అమ్మాయి, పీపాకి అడ్డంగా నిలబడి.

పీపాలోంచి వైన్ తీసే గాజు గొట్టం పెద్దాయన చేతిలో అలాగే ఆగిపోయింది. పొద్దున్నుంచీ పీపాల గదిలో వంగి లేచి, వంగి లేచి ఆయనకి నడుం పట్టేసింది. ఎల్లుండే అమ్మాయి పెళ్ళి. విందుకి సొంత తోట ఎర్ర వైన్ కలపాలి. ఆ ప్రాంతంలో ఎండ దంచేస్తుంది. ద్రాక్ష తీగ మీదే ముదిరి పాకంలా అవుతుంది. ఆ తీపంతా పులిసి, వైన్ చిక్కగా, ఘాటుగా తయారవుతుంది. నాలుక మీద కూర్చుందంటే లేవదు. కాస్త పుల్లటి వైన్ కలిపితేగాని దానికి ప్రాణం రాదు. ఆ పులుపు ఒక్క పీపాలోనే ఉంది. వాడి పీపాలో.

ఒక ఏడు వాడు పెద్దాయన మాట వినకుండా కాయ పూర్తిగా పండకముందే కోయించాడు. ఆ వైన్ పీపాకెక్కిన కొన్నాళ్ళకే రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. అప్పట్నించి ఆ పీపాలోంచి ఎవరూ చుక్క తియ్యలేదు.

"ఈ చిక్కటిదే పోసెయ్యండి. చాలు," అంది అమ్మాయి.

"రెండు గుక్కలకే చుట్టాలంతా కుర్చీల్లో గుర్రు పెడతారు. పెళ్ళనుకున్నావా, పడకల గదనుకున్నావా?"



పెద్దావిడ మెట్ల మీంచి తొంగి చూసింది. "పెళ్ళికొడుకు చుక్క ముట్టడు. తాగని అల్లుడి కోసం మీ ఇద్దరి హైరానా ఏమిటో. అన్నం చల్లారిపోతోంది."

"అల్లుడు తాగకపోతే మావగారు తాగకూడదా? నువ్వు పద, వస్తున్నాం."

ఆవిడ వెళ్ళాక అమ్మాయి బోర్లించిన పెట్టె మీద కూలబడింది.

"ఇది కూడా అయిపోతే ఇంకేం మిగులుతుంది? ఇది ఇక్కడుందన్న ధైర్యంతోనే ఒప్పుకున్నాను. దీన్ని తీస్తానంటే చెప్పండి, పెళ్ళి మానేస్తాను."

 ఆ పిల్ల చేత సరేననిపించేసరికే పెద్దాయనకి తల ప్రాణం తోకకొచ్చింది. మళ్ళీ మొదటికొస్తే బతిమాలే ఓపిక లేదు. పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"ఒకటడుగుతా చెప్పు. ఈ వేడికి పీపాలో వైన్ ఆరిపోతూ ఉంటుందా? ఖాళీ పడితే పాడవుతుందని వారం వారం పైన నింపిందెవరు?"

"నేనే."

"దేంతో?"

"నేను చేసిన వైన్‌తో."

"మరింకేం. ఎండ తాగేసింది వాడిది. నువ్వు పోసింది నీది. ఇప్పుడందులో వాడెంతో, నువ్వెంతో నా నాలుక్కే తెలీదు. వాడు నీలో కలిసిపోయి చాలా కాలమైంది తల్లీ. కాపలా అక్కర్లేదు."

 అమ్మాయి లేచి, ఆయన చేతిలోంచి గొట్టం తీసుకుని, బిరడా తనే లాగి, గ్లాసులోకి కాస్త వంపి నాలుక మీద వేసుకుంది.

"ఇంకా పుల్లగానే ఉంది," అంది, మోచేతి మడతతో కళ్ళు ఒత్తుకుంటూ.

"ఎవరి మాటా వినని రకం కదా," అన్నాడు పెద్దాయన.

ఇద్దరూ కలిసి వైన్ కలిపారు. పైకెక్కేటప్పుడు సగం మెట్ల దగ్గర ఆయన గోడ పట్టుకుని ఆగిపోతే, అమ్మాయి భుజం అందించింది.

పెళ్ళినాడు మొదటి గ్లాసు పెద్దాయనే అల్లుడి చేతిలో పెట్టాడు. చుక్క ముట్టని మనిషి, అది ఏ పీపాలోదో తెలిసిన మనిషి, ఒక గుక్క తాగి, దగ్గి, "బాగుంది మావయ్యా," అన్నాడు.

ఈయనలాగే, కొడుకు పోయాక కోడలికి మళ్ళీ పెళ్ళి చేసే మావగారు మీకు తెలిస్తే, ఈ కథ పంపండి.