ఒక పక్కకు వాలే టోపీ

టైలరమ్మ అల్లిన టోపీ చూసి, ఆసుపత్రి మంచం మీదున్న ఆమె కూతురు పిచ్చుక పగలబడి నవ్వింది.

"ఇది టోపీ కాదమ్మా, చెంబుకు తొడిగే గలీబు."

పక్క మంచాలవాళ్లూ నవ్వారు. టైలరమ్మ మాత్రం మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

వీధి వీధంతటికీ కొలత తప్పకుండా బట్టలు కుట్టే మనిషి. తన కూతురి బోడిగుండుకు ఒక్క టోపీ అల్లలేకపోయింది. పోనీ పిల్ల అడిగింది మామూలు టోపీనా అంటే, అదీ కాదు. బెరే టోపీ కావాలంది. బొమ్మలేసేవాళ్లు పెట్టుకుంటారే, గుండ్రంగా పరుచుకుని ఒక పక్కకు వాలుతుంది, అది.

పిచ్చుకకు రక్తం పాడయ్యే జబ్బు. ఇక మందులతో లాభం లేదు, ఎముకల్లో మూలుగ మార్చాలన్నాడు డాక్టరు. అమ్మది కలవలేదు. నాన్నది కలవలేదు.

"దూరపు చుట్టం ఒకావిడ ఉంది. ఆవిడది కలవొచ్చట. కబురు పెట్టాం," అని పిల్లకు చెప్పారు.

ఆ చుట్టం వస్తుందో రాదో ఎవరికీ తెలీదు. ఈ నెల దాటాక వచ్చినా చేసేదేమీ ఉండదని డాక్టరు టైలరమ్మను బయటికి పిలిచి మరీ చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని సూదులు పట్టుకుంది.

"కొంచెం వదులుగా అల్లాలి, అక్కా."

టైలరమ్మ తలెత్తి చూసింది. వార్డు గుమ్మం దగ్గర బెంచీ మీద ఒక ఆడమనిషి. నిన్నటి నుంచీ అక్కడే ఉంది. ఏ రోగి తాలూకో, ఏమో.

"నీకొచ్చా?"

"స్వెట్టర్ల కార్ఖానాలో పనిచేశాను. ఇలా ఇవ్వండి."

ఇచ్చిందో లేదో, ఆ మనిషి దారం కొస పట్టుకుని గుంజింది. టోపీ కాస్తా ఊలు ఉండైపోయింది.

టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఎవరు విప్పమన్నారు నిన్ను?"

"కోప్పడకండి. నడినెత్తి దగ్గర మొదలుపెట్టి, వరస వరసకీ కుట్లు పెంచుకుంటూ పోవాలి. పళ్లెమంత వెడల్పయ్యాక అప్పుడు తగ్గించాలి. మీరు పెంచకముందే తగ్గించేశారు."

పిచ్చుకకు ఆ మనిషి భలే నచ్చింది. పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లే కబుర్లు. నాన్న స్కూటర్ల షెడ్డు, బడిలో స్నేహితురాలితో పోట్లాట, ఏదీ దాచలేదు. ఆమె అల్లుతూ వింటోంది. వింటూ పిల్ల మొహంలోకే చూస్తోంది.

ఆ చూపు టైలరమ్మకు నచ్చలేదు. నా పిల్లతో దీనికి ఇంత చనువేమిటి అనిపించింది.

"పాపకు మీ పోలికల్లేవు," అంది ఆ మనిషి మెల్లగా.

"వాళ్ల నాన్నమ్మ పోలిక."

సూదులు ఆగాయి. "ఏమీ అనుకోకపోతే ఒక మాట. పాప మీ కడుపున పుట్టిందేనా, అక్కా?"

పిచ్చుక కళ్లింత చేసుకుని అమ్మ వైపు చూసింది.

టైలరమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మరి నీ కడుపున పుట్టిందా? తొమ్మిది నెలలు మోసి, చావు తప్పి కన్నాను. టోపీ అల్లుతానని వచ్చి ఇవేం ఆరాలు?"

ఆ మనిషి మొహం పాలిపోయింది. "తప్పే. ఇంకడగను," అంది.

సాయంత్రానికి అల్లిక ముగించి, దారం తెంపి, "ఒక పళ్లెం ఉంటే ఇస్తారా?" అంది.

"ఆకలేస్తోందా?" కోపంలోనూ టైలరమ్మకు జాలేసింది.

"కాదు. టోపీని తడిపి పళ్లానికి తొడిగి ఆరబెట్టాలి. అప్పుడే గుండ్రంగా నిలుస్తుంది."

తడిపింది, తొడిగింది, కిటికీలో పెట్టింది.

"పొద్దున వచ్చి చూస్తావుగా, ఆంటీ?" అంది పిచ్చుక.

ఆమె పిల్ల తల నిమిరింది. "నీకు బాగుంటుందిలే, తల్లీ." అంతే, వెళ్లిపోయింది.

"పీడ విరగడైంది," అనుకుంది టైలరమ్మ.

పొద్దునకు టోపీ ఆరింది. పిచ్చుక పెట్టుకుని, ఒక పక్కకు వాల్చి, అద్దం అడిగింది. జుట్టు రాలాక పిల్ల అద్దం అడగడం అదే మొదలు. టైలరమ్మకు కళ్లు చెమర్చాయి. నిన్నటి మనిషి కనిపిస్తే టీ అయినా ఇప్పించాలనుకుని బెంచీ వైపు చూసింది. బెంచీ ఖాళీగా ఉంది.

అప్పుడే ఫోను మోగింది. శిశుసదనం నుంచి వార్డెనమ్మ.

టైలరమ్మ గబగబా వరండా చివరికి నడిచింది. పిల్ల చెవిన పడకూడని ఫోను అది. పొత్తిళ్లలో ఉన్న పిచ్చుకను తెచ్చి తన ఒళ్లో పెట్టింది ఈ వార్డెనమ్మే. ఆ రోజు నుంచీ ఎవరడిగినా భార్యాభర్తలది ఒకటే మాట, మా కన్నబిడ్డే అని. ఇప్పుడు వాళ్లు వెతికిస్తున్న దూరపు చుట్టం పిచ్చుక కన్నతల్లి.

"ఆమె దొరికిందా, మేడమ్?"

"దొరికిందమ్మా. ఉన్న పని మానుకుని మరీ వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు బిడ్డను ఒక్కసారి చూసుకుంటానంటే, మీ పేర్లు చెప్పకూడదు కదా, వార్డూ మంచమూ చెప్పి పంపాను."

"ఎప్పుడొస్తుంది? ఇవాళ వస్తుందా?"

"వచ్చి వెళ్లిందమ్మా. తిరిగి ఇక్కడికొస్తే నేను లేను, ఎటు పోయేదీ చెప్పకుండా ఆయాతో ఈ మాట మాత్రం చెప్పి పోయిందట: 'ఆ మంచం మీద వేరే పాప ఉంది, నేనే మోసి కన్నానని వాళ్లమ్మ తన నోటితో చెప్పింది, అంటే నా బిడ్డ ముందే పోయిందన్నమాట, ఇక నాకోసం వెతకొద్దు' అని."