మూడోది మనమే

నక్షత్రాలు కిక్కిరిసిన ఈ గుంపంతా కంపెనీ సొత్తు. పద్నాలుగు గంటల గని పని, నోరెత్తితే నీళ్లు బంద్. గుంపు హద్దు దాటితే మాత్రం దాని మాట చెల్లదు. అందుకే రెండు కృష్ణబిలాలు మా బస్తీ నక్షత్రం వైపు వస్తున్నాయనగానే, "ఖాళీ చేసి గుంపు లోపలికి రండి" అని కంపెనీ స్పీకర్ మొత్తుకుంది. ఒక్కరం కదల్లేదు.

గని కార్మికురాలు కొమురక్క చాయ్ పెట్టింది.

"మింగుతయా ఓదెలన్నా?" అని బస్తీలో చుక్కల లెక్కలు తెలిసిన ఓదెలును అడిగింది.

"మింగయక్కా, దూరంకెల్లే పోతయ్. అవి రెండే అయితే వచ్చిన జోరుతోనే విడిపోతయ్. ఆ జోరు మూడోది గుంజుకొని ఎగిరిపోతేనే జంటగడ్తయ్."

"మూడోది ఎవరు?"

"మనమే! గుంపు హద్దు దాటి పడ్తం."

కొమురక్క పకపకా నవ్వింది. "పెండ్లి వాళ్లది, ఊరేగింపు మనదా!"

బిలాలు దగ్గరికి రాగానే నక్షత్రంతో సహా విసిరేసినట్టు ఎగిరిపోయాం. అన్నీ కలిసే ఎగిరాయి కాబట్టి గ్లాసులో చాయ్ చుక్క కూడా తొణకలేదు. రోజులు గడిచేకొద్దీ నెత్తిమీద నక్షత్రాలు పలచబడ్డాయి. స్పీకర్ మాత్రం రోజూ పొద్దున్నే హాజరు పిలుస్తూనే ఉంది.

ఒక పొద్దున "కొమురమ్మా! కొము..." అంటూండగానే దాని గొంతు ఆగిపోయింది.

"రాను పో!" అని అరిచి, కొమురక్క బస్తీకంతా మళ్లీ చాయ్ పెట్టింది.